నీళ్ళు చూపిన మామయ్య

మా మామయ్య పోయారు. పది రోజులు కావస్తోంది. పొద్దున్నే చాయ్ తాగి, గ్లాసు మంచం కింద పెట్టి, కాసేపు ఒరుగుతానని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. తను బాధపడలేదు, ఎవరినీ బాధపెట్టలేదు. పుణ్యాత్ముడు, అనాయాసంగా పోయాడని వచ్చినవాళ్ళంతా అన్నారు. ఏడవాల్సినంత ఏడ్చాను కూడా. కానీ ఏడుపు కంటే సిగ్గు ఎక్కువైపోయింది నాకు. ఆ రోజు నుంచి తలెత్తి ఎవరి ముఖమూ సరిగా చూడలేకపోతున్నాను.

మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. పోయిన మనిషికి ఆఖరి స్నానం ఇంట్లో నీళ్ళతో చేయించరు. కొడుకులు కొత్త బిందెలు పట్టుకుని, ముందు డప్పు మోగుతుంటే, వాగుకు వెళ్ళి నీళ్ళు ముంచుకొస్తారు. మా ఆయన, మా మరిది అలాగే వెళ్ళారు. డప్పు చప్పుడు వాగు దాకా పోయి అక్కడ ఆగిపోయింది. ఎంతసేపటికీ వెనక్కి రాలేదు. వాగులో ఇసుక తప్ప ఏమీ లేదు.

సరే, బోరు నీళ్ళే పోద్దామన్నారు పెద్దలు. ఇంటి మోటారు వేస్తే ఒక బకెట్ పోసి దగ్గడం మొదలుపెట్టింది. మా పొలంలో వాగొడ్డున ఉన్న బోరు దగ్గరికి పరిగెత్తారు. అది అప్పుడే పోసి ఆగిందట, మళ్ళీ ఊరాలట. ఎండ ఎక్కుతోంది, చుట్టాలు దిగుతున్నారు. మా మరిది ఇక లాభం లేదని మండలంలో ఉన్న నీళ్ళ ప్లాంటుకు ఫోన్ చేశాడు. ఆటోలో ప్లాస్టిక్ క్యాన్లు వచ్చాయి. చుట్టుపక్కల ఎన్ని ఊళ్ళలో బోర్లకు నీళ్ళు పడే పాయింట్లు చూపించారో ఆయనకే గుర్తులేని మనిషిని, మేం క్యాన్ నీళ్ళతో కడిగాం. వంచినప్పుడల్లా క్యాన్ గుడగుడమనేది. పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు ఆ చప్పుడుకు ముఖాలు తిప్పుకున్నారు.

మామయ్య వాళ్ళది కృష్ణా వైపు. చిన్నప్పుడే వాళ్ళ నాన్న కుటుంబాన్ని బండిలో వేసుకుని ఈ అడవి అంచుకు వచ్చి భూమి కొనుక్కున్నాడు. అందుకని మామయ్య నోట్లో రెండు మాటలూ ఉండేవి. మామూలుగా "వచ్చాడు" అనేవారు, కోపం వస్తే "వచ్చిండు" అనేవారు. కోపం ఏ యాసలో వస్తుందో మనిషిది ఆ ఊరేనని నేను ఏడిపించేదాన్ని. "అవ్, నాది ఈ ఊరే, ఇంకేందనుకున్నవ్?" అని మీసంలోనే నవ్వేవారు.

నాది తల్లాడ దగ్గర. మా పుట్టింటి పొలానికి కాలువ నీళ్ళు వస్తాయి. నీళ్ళను వెతుక్కోవాలని, వెతికి పెట్టే మనుషులుంటారని నాకు పెళ్ళయి ఈ ఇంటికొచ్చాకే తెలిసింది. బోరు వేయించాలనుకున్నవాళ్ళు తెల్లారేసరికి మా వాకిట్లో ఉండేవాళ్ళు. మామయ్య తలస్నానం చేసి, చెప్పులు విడిచి, వాళ్ళు తెచ్చిన కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని వాళ్ళ చేలో నడిచేవారు. ఒక్క మాట మాట్లాడేవారు కాదు. ఎక్కడో ఒకచోట కాయ అరచేతిలో లేచి నిలబడేది. అక్కడ మడమతో గట్టిగా తొక్కి గుర్తు పెట్టేవారు. అదే పాయింటు.

నాకు నమ్మకం లేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. ఒకసారి అడిగేశాను. "మామయ్యా, కాయ నిజంగా లేస్తుందా, మీరు లేపుతారా?"

"నాకూ తెలీదమ్మాయ్. లేచినప్పుడు మాత్రం ఆ చెయ్యి నాది కాదనిపిస్తది" అన్నారు.

అంత నిజాయితీగా చెప్పాక ఇంకేం అడుగుతాం? పాయింటు చూపించినందుకు ఆయన ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు. చేతిలో నిలబడ్డ ఆ కాయ మాత్రం ఇంటికి తెచ్చేవారు. దాంతో మా ఇంట్లో ఏడాది పొడుగునా కొబ్బరి పచ్చడే. కొత్తకోడలిగా వచ్చిన మొదటి ఏడాదే నాకు కొబ్బరంటే విరక్తి పుట్టింది. చిప్పలు మాత్రం పారేయనిచ్చేవారు కాదు. మధ్యాహ్నం పూట అరుగు మీద కూర్చుని గాజుపెంకుతో పీచంతా గీకి, నున్నగా చేసి, ఎండలో ఆరబెట్టి, పోగయ్యాక సంచిలో వేసుకుని వాగు దాటి గుంపుకు తీసుకెళ్ళేవారు.

వాగవతల గట్టు మీద కోయవాళ్ళ గుంపు, అంటే వాళ్ళ చిన్న ఊరు, ఉంది. ఎండాకాలం వాళ్ళకు తాగే నీళ్ళు వాగులో చెలమలే. ఇసుకలో గొయ్యి తీస్తే అడుగున నీళ్ళు ఊరతాయి. బిందె ముంచితే ఇసుక కలిసిపోతుంది కాబట్టి చిప్పతో కొంచెం కొంచెం తోడి పోసుకోవాలి. నల్లా పైపు ఇప్పుడు గుంపు దాకా వచ్చింది గానీ, గుంపు ఎత్తు మీద ఉండడంతో ఎండలు ముదిరితే గాలే వస్తుంది. గుంపులో ప్రతి ఇంటి బిందె మీద మామయ్య గీకిన చిప్ప బోర్లించి ఉండేది.

గుంపులో భద్రమ్మ ఈయన ఈడుదే. పొడుం పీలుస్తుంది, గట్టిగా నవ్వుతుంది. వాళ్ళ జొన్న కోతలయ్యాక మామయ్యకు జొన్నరవ్వతో గటక వండి పంపేది. ఆయన దాన్ని మజ్జిగలో పిసుక్కుని, మా వంటలన్నీ పక్కన పెట్టి, అదే తిని లేచేవారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు గటక రావడం ఆగిపోయింది. ఒకరోజు మిరపకాయలు ఏరడానికి కూలికొచ్చినప్పుడు నేనే అడిగాను, మా మామయ్యను మర్చిపోయావా అని.

"జొన్నలెక్కడియి బిడ్డా? వానేమో పడితే ఒక్కసారే పడి ఇత్తనం కొట్టుకపోతది, లేకుంటే పడనే పడదు. వాగు కింద మడి ఉండె, అదీ ఎండె. ఇప్పుడు మేం తినేది రేషను బియ్యం. అవి వండి పంపితే మీ మామ నవ్వడా?" అంది.

ఆమె నవ్వుతూనే చెప్పింది. నేనూ నవ్వాను. ఇద్దరం కూర్చున్నది మా మిరప కళ్ళంలో. ఎర్రగా పరిచిన ఆ కాయలన్నీ వాగొడ్డు బోరు నీళ్ళు తాగినవే.

ఆ బోరు గురించి చెప్పాలి. మా పొలం వాగును ఆనుకుని ఉంటుంది. సరిగ్గా ఒడ్డు మీద పాయింటు పెట్టింది మామయ్యే. వేసిన రోజు నీళ్ళు తాటిచెట్టంత ఎగిరాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఊళ్ళో అందరి బోర్లూ ఎండాకాలం మొరాయించినా అది పోస్తూనే ఉండేది. దాని మీద మిరప పండింది. మిరప మీద ఇల్లు లేచింది, మా అమ్మాయి చదువుకుంది, నా చేతికి ఈ గాజులు వచ్చాయి. రెండేళ్ళ కిందట మా ఆయనా మరిదీ కలిసి మిరప తీసేసి ఆయిల్‌పామ్ పెట్టారు. దానికి రోజూ నీళ్ళు కావాలి. అందుకని మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు బిగించారు. బోరులో నీళ్ళున్నంతసేపు పోస్తుంది, అయిపోతే ఆగుతుంది, కాస్త ఊరగానే దానంతటదే మళ్ళీ వేసుకుంటుంది. ఎవరూ పొలం పోనక్కర్లేదు. అది మామయ్యకు మొదటి రోజు నుంచీ కంటగింపే.

"మనిషి పోయి మోటారేస్తే, మనిషే పోయి ఆపేటోడు. దీనికి చాలు అనేది తెలుస్తదా?" అనేవారు.

బిగించిన ఆ ఎండాకాలమే భద్రమ్మ మా వాకిట్లోకి వచ్చి, అరుగు మీద కూర్చున్న మామయ్య ఎదురుగా నిలబడింది. కోపం లేదు, ఏడుపు లేదు. నిజంగా తెలియకే అడిగింది.

"పెద్దాయనా, మా చెలమల నీళ్ళు ఊరుతలేవ్. ఎంత తవ్వినా తడిసిన ఇసుకే. నీళ్ళు చూసేటోడివి నువ్వే కదా. జర వచ్చి చూడు, యాడికి పోయినయో."

మామయ్య ఇంట్లో ఉన్న కొబ్బరికాయ తీసుకుని ఆమె వెనకాలే వెళ్ళారు. వాగులో పైకీ కిందికీ నడిచారట. కాయ ఎక్కడా లేవలేదట. ఆఖరికి మా ఒడ్డుకొచ్చి మోటారు పక్కన నిలబడిపోయారట. అక్కడ లేచిందో లేదో భద్రమ్మ చూడలేదు. ఇంటికొచ్చాక నాతో కూడా చెప్పలేదు. కాయను దేవుడి గూట్లో పెట్టి, అన్నం తినకుండా పడుకున్నారు.

మర్నాడు బోనకల్ వైపు నుంచి కారులో ఎవరో పాయింటు కోసం వచ్చారు. "చేతగాదు బాబూ, పోండి" అన్నారు. ఆ తర్వాత ఎవరొచ్చినా అదే మాట. కొందరు బతిమాలితే లేచి పశువుల కొట్టంలోకి వెళ్ళి కూర్చునేవారు. పెద్దవాడయ్యాడు, చాదస్తం వచ్చిందని మావాళ్ళు అనుకున్నారు. నేనొకసారి మంచినీళ్ళు ఇచ్చే మిషతో కొట్టంలోకి వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అమ్మాయ్, నా చేతిలో ఏ మహత్యమూ లేదు. అప్పుడు నేలలో ఉంది, ఎవడు ఎక్కడ పొడిచినా ఇచ్చింది. పేరు నాకొచ్చింది" అన్నారు. గ్లాసు నా చేతికిచ్చి, "ఇప్పుడు పోయిన పేరు కూడా నాదే కావాలిగా" అన్నారు.

కొడుకులిద్దరినీ కూర్చోబెట్టి ఆయన ఒక్కటే అడిగారు. ఎండాకాలం మూడు నెలలు వాగొడ్డు మోటారు ఆపమన్నారు. గుంపువాళ్ళ చెలమ ఊరుతుందన్నారు. ఆయిల్‌పామ్ మొక్కలు లేతవి, మూడు నెలలు నీళ్ళు లేకపోతే తోట పోతుందని వీళ్ళన్నారు. అది అబద్ధం కాదు. మర్నాటి నుంచి మోటారు ఆగిపోవడం మొదలైంది. వెళ్ళి చూస్తే మోటారు కరెంటు పెట్టెలో ఫ్యూజులు లేవు. మామయ్య పొద్దున్నే నడిచి వెళ్ళి, ఫ్యూజులు పీకి చొక్కా జేబులో వేసుకుని వస్తున్నారు. బరువుకు జేబు కిందికి జారి ఉండేది. దాచాలని కూడా ఆయనకు లేదు.

ఆ రోజు భోజనాల దగ్గర మా మరిది గొంతు పెరిగింది. "తోట ఎండిపోతే ఏం తిని బతకాలె నాన్నా? గుంపోళ్ళు మనకు పెడ్తరా?"

మామయ్య జేబులోంచి ఫ్యూజులు తీసి, కడిగిన కంచం పక్కన ఒక్కొక్కటిగా పెట్టారు. "తీసుకోండ్రా. మీ మొక్కలు, మీ ఇష్టం" అన్నారు. నేను గరిటె పట్టుకుని అక్కడే ఉన్నాను. ఆ తోట నాది కూడా, ఆ అన్నం నేనూ తింటున్నాను.

తర్వాత ఆయన ఫ్యూజుల జోలికి పోలేదు. రోజూ వెళ్ళి మోటారు దగ్గర కూర్చుని, చల్లగా వణికే పైపు మీద చెయ్యి వేసి ఉండేవారు. ఎవరైనా పలకరిస్తే చెయ్యి తీసేసేవారు. గుంపు వైపు వెళ్ళడం పూర్తిగా మానేశారు. అడవిలో మేసే మా మేకలను చూసుకోవాలన్నా, వాగు దాటకుండా రోడ్డెంట చుట్టూ తిరిగి వెళ్ళేవారు. ఆ ఎండలో అంత దూరం ఎందుకు మామయ్యా అంటే, "వాళ్ళ ముందునుంచి నడవలేనమ్మాయ్, సిగ్గయితది" అన్నారు. చిప్పలు గీకడం కూడా మానేశారు. పాయింటు లేనప్పుడు కాయా రాదు, చిప్పా రాదు. నాకు కొబ్బరి పచ్చడి మీద మొదటిసారి బెంగ పుట్టింది.

గుంపులో మాత్రం ఇంకోలా అనుకున్నారు. భద్రమ్మ ఒకసారి దారిలో నన్ను ఆపింది. "పెద్దాయన ఇటు వస్తనే లేడు. ఆ రోజు నీళ్ళు చూడమని గుంజుకపోయిన కదా, కోపమొచ్చిందా?" అని అడిగింది. లేదు భద్రమ్మా, ఒంట్లో బాగుండట్లేదని చెప్పి వచ్చేశాను. అసలు సంగతి నా నోటితో నేనెట్లా చెప్పను?

మళ్ళీ ఆ రోజు దగ్గరికి వస్తాను. క్యాన్లతో స్నానం అయిపోయింది. పాడె కడుతున్నారు. అప్పుడు గుంపు ఆడవాళ్ళు వరసగా మా వాకిట్లోకి వచ్చారు. నెత్తిన బిందెలు. అందరికంటే ముందు భద్రమ్మ. మావాళ్ళలో ఒక పెద్దాయన, స్నానం అయిపోయిందమ్మా, ఆలస్యంగా తెచ్చారు అన్నాడు.

"కడగనీకి తేలేదయ్యా. తాగనీకి తెచ్చినం. సావు ఇంట్ల పొయ్యి వెలగదు, ఇంతమంది చుట్టాలొచ్చిన్రు, మీ బోర్లు పోస్తలేవంట కదా" అంది భద్రమ్మ.

వాళ్ళ చెలమ ఎండిపోయింది కాబట్టి, పొద్దున్నే వాగెంట అడవిలోకి పైకి నడిచి, అక్కడెక్కడో ఊరే గుంట దగ్గర కూర్చుని చిప్పలతో తోడుకొచ్చారట. అన్ని బిందెలు నిండాలంటే ఎంతసేపు కూర్చున్నారో నేను అడగలేదు. బిందెలు దింపించి, గ్లాసులు తెచ్చి, చుట్టాలకు ఆ నీళ్ళు నేనే ఇచ్చాను. కార్లలో వచ్చినవాళ్ళు, ఎండకు వాడిపోయినవాళ్ళు గటగటా తాగారు. భలే తియ్యగా ఉన్నాయి, ఎక్కడివి అని అడిగారు. నా గొంతు ఎండిపోయి ఉంది. ఒక్క గుక్క తాగలేకపోయాను.

పాడె లేచింది. శ్మశానం వాగు మలుపులో, మా తోట దాటాక. సగం దారిలో దింపుడు కళ్ళం. అక్కడ పాడె దించి, కొడుకు వంగి పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పిలుస్తాడు. ప్రాణం ఏ మూలైనా ఉంటే పలుకుతుందేమోనని చిన్న ఆశ. ఆడవాళ్ళం అక్కడిదాకా వెళ్తాం. ఆ చోటు మా వాగొడ్డు బోరుకు ఎదురుగానే. డప్పు ఆపారు. మా ఆయన వంగి "నాన్నా" అని పిలిచారు.

మోటారు వేసుకుంది. దానంతటదే. టక్కుమని స్టార్టరు, ఆ వెనకే గుంయ్‌మని చప్పుడు, పైపులోంచి నీళ్ళు ఎగదన్ని తొట్టిలో పడ్డాయి. మేం ఏడుస్తున్నంతసేపూ, క్యాన్లు వంచుతున్నంతసేపూ, గుంపువాళ్ళ ఇసుక కిందనుంచి అది ఊరుతూనే ఉందన్నమాట. మా ఆయన రెండోసారి పిలిచిన పిలుపు ఆ చప్పుడులో నాకే వినపడలేదు, ఇక మామయ్యకేం వినపడుతుంది? ఆయిల్‌పామ్ మొక్కల పాదుల్లోకి నీళ్ళు పోతున్నాయి. గుంపు ఆడవాళ్ళు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని చూస్తున్నారు.

నాకు ఒళ్ళు తెలియలేదు. చెప్పులు లేని కాళ్ళతో తోటలోకి వెళ్ళి పెట్టె తలుపు తీశాను. వెనకనుంచి భద్రమ్మ అరిచింది. "ఉండనియ్యి బిడ్డా, మొక్కలు తాగుతున్నయ్."

ఆ మాట కోపంతో అని ఉంటే బాగుండేది. ఆమె మనసులో ఉన్నదే అంది. నేను స్విచ్ ఆపి, ఫ్యూజులు పీకి చెంగున ముడి వేసుకున్నాను. మా ఆయన మూడోసారి పిలిచింది అందరికీ వినపడింది.

ఫ్యూజులు ఇప్పుడు నా పోపుల డబ్బాలో ఉన్నాయి. జీలకర్ర తీసినప్పుడల్లా కనపడతాయి. చావు ఇల్లు కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేదు. తోటలో ఆకులు పండుబారుతున్నాయని మా ఆయన నిన్న నాతో కాదు, గోడతో అన్నట్టు అన్నారు. మరిది మాత్రం మర్యాదగా చెప్పాడు. "పెద్దకర్మ అయినంక ఇచ్చెయ్ వదినా. వాన పడేదాకా తోట ఆగదు."

పెద్దకర్మ రేపు. ఇవ్వనని ఇక్కడ రాస్తే మీరు మెచ్చుకుంటారు. మామయ్య గురించి రాసేచోట అబద్ధం రాయలేను. మా అమ్మాయికి పెళ్ళి చూస్తున్నాం, తోట మీద పెట్టిన అప్పు అలాగే ఉంది, ఆకులు పండుబారడం నేనూ చూస్తున్నాను. రేపు మరిది చెయ్యి చాపితే నా చెయ్యి ఎటు పోతుందో నాకు తెలియదు. ఆయనకు కొబ్బరికాయ లేచినప్పుడు చెయ్యి తనది కాదనిపించేదట. నాకు అలా చెప్పుకుని తప్పించుకునే వీలు కూడా లేదు.

ఇవాళ పొద్దున వాగుకు వెళ్ళాను. మోటారు ఆగిన ఈ కొద్ది రోజులకే గుంపువాళ్ళ చెలమ అడుగున జానెడు నీళ్ళు ఊరాయి. భద్రమ్మ గొయ్యి అంచున గొంతుక్కూర్చుని తోడుతోంది. నన్ను చూసి మోటారు మాట ఎత్తలేదు. ఇసుక మీద చోటు చూపించి కూర్చోమంది. కదలకుండా, నీళ్ళు తేరుకునేదాకా ఆగి, చిప్ప నిండా ముంచి బిందెలో పోయబోయి, ఆగి నా వైపు చాపింది.

"తాగు బిడ్డా. ఆ రోజు అందరికీ పోసినవ్, నువ్వు తాగలే. నేను చూసిన."

రెండు చేతులతో పట్టుకున్నాను. చిప్ప అంచు ఎక్కడా గరుకు లేదు. గాజుపెంకుతో అంత ఓపికగా ఎవరు గీకారో నాకు తెలుసు. నీళ్ళ అడుగున నాలుగు ఇసుక రేణువులు మెల్లగా తిరుగుతున్నాయి.